కోటి అంటే ఎంత?

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం వస్తుంది. రేవు అవతలివాళ్లకీ ఇవతలివాళ్లకీ రోజూ వాడుకలో ఉన్న ఊరి పేరే అయినా, అందులో కోటి ఎక్కడిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు. ఇక్కడ చేసిన పుణ్యం కోటి రెట్లు ఫలిస్తుంది కాబట్టి కోటిఫలి, అదే వాడుకలో కోటిపల్లి అయిందని కొందరంటారు. ఇంద్రుడు ప్రతిష్ఠించిన కోటీశ్వర లింగం వల్ల ఆ పేరు వచ్చిందని స్థలపురాణం తెలిసినవాళ్లు చెప్తారు. కోటి తీర్థాల ఫలం ఈ ఒక్క రేవులో ఉందని ఇంకొందరి నమ్మకం.

ఎగువన రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవు ఉంది. ఇంకా చాలా పైన, జగిత్యాల జిల్లాలో, ఇదే గోదావరి ఒడ్డున శాతవాహనుల తొలినాటి నాణేలు దొరికిన ఊరు పేరు కూడా కోటిలింగాలే. కార్తీకం వస్తే కోటి దీపాలు, శ్రావణం వస్తే కోటి కుంకుమార్చనలు. ఇంట్లో పెద్దావిడ దిండు పక్కన రామకోటి పుస్తకం. కోటేశ్వరరావు లేని వీధి డెల్టాలో వెతికితే గాని దొరకదు. రొయ్యల చెరువుల గట్ల మీద మాటల్లోనూ, భూముల బేరాల్లోనూ, వరద వార్తల్లోనూ అదే మాట. వీటన్నిటిలో కోటి ఒకటే పని చేస్తోందనుకుంటే పొరపాటు. ఆ మాటకు మూడు పనులున్నాయి. అది అంచును చెప్తుంది, జాతిని చెప్తుంది, అంకెను చెప్తుంది. ఒక చోట చేసే పనిని ఇంకో చోటికి లాగడం వల్లే దాని చుట్టూ ఇన్ని వాదాలు.

ముందు అంకె సంగతి. ఇవాళ్టి లెక్కల పుస్తకంలో కోటికి తగాదా లేదు. నూరు లక్షలు, ఒకటి పక్కన ఏడు సున్నాలు. అయితే ఆ మాట మొదటినుంచీ ఆ స్థానంలో లేదు. యజుర్వేదంలోని తైత్తిరీయ సంహితలో అంకెల పేర్ల వరుస ఒకటుంది: ఏకం, దశం, శతం, సహస్రం, అయుతం, నియుతం, ప్రయుతం, అర్బుదం, న్యర్బుదం, సముద్రం, మధ్యం, అంతం, పరార్ధం. ఒక్కొక్కటి ముందుదానికి పది రెట్లు. ఈ వరుసలో కోటి అసలు కనబడదు. ఏడు సున్నాల చోట అక్కడ ఉన్నది అర్బుదం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయానికి వచ్చేసరికి ఆ చోటులో కోటి కూర్చుంది, అర్బుదం ఒక మెట్టు పైకి జరిగింది. బౌద్ధుల లలితవిస్తరంలో ఇంకో తీరు. బోధిసత్వుణ్ణి అర్జునుడనే గణకుడు పరీక్షిస్తూ, కోటి దాటాక లెక్క ఎలా సాగుతుందో చెప్పమంటాడు. బోధిసత్వుడు అక్కణ్ణుంచి నూరేసి రెట్లు పెంచుకుంటూ వెళ్తాడు. నూరు కోట్లు ఒక అయుతం, నూరు అయుతాలు ఒక నియుతం, అలా అలా తల్లక్షణం దాకా, అంటే ఒకటి పక్కన యాభై మూడు సున్నాల దాకా. వేదంలో అయుతం పదివేలు. ఇక్కడ అదే అయుతం నూరు కోట్లు.

పెద్ద అంకెల పేర్లు ఇలా జరిగిపోవడానికి కారణం కనబడుతూనే ఉంది. సంతలో ఎవరూ అర్బుదాల లెక్కన బేరం చేయరు. రోజూ చేతికి తగిలే అంకె కదలదు. కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరికాయ ధర వెయ్యి కాయలకు ఇంత అని పలుకుతుంది. అక్కడ వెయ్యి అంటే తొమ్మిది వందల తొంభై అని ఎవరైనా సర్దిచెప్పబోతే బేరం అక్కడే ఆగిపోతుంది. పైగా వేయి మన సొంత మాట, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. నూరూ అంతే. లక్ష, కోటి పైనుంచి వచ్చినవి. శాస్త్రంలో, స్తోత్రంలో పుట్టి పెరిగి, చాలా కాలం తర్వాత ఖజానా లెక్కల్లోకీ, జనాభా లెక్కల్లోకీ దిగాక గాని అవి ఒక చోట కుదురుగా నిలబడలేదు. అందుకే వాటికి రెండు ముఖాలు మిగిలాయి. బ్యాంకులో కోటి కచ్చితంగా కోటి. గుళ్లో కోటి అంతకంటే వదులైన మాట.

అంకె కాకముందు కోటి ఏమిటి? వింటి కొన. వంచిన విల్లుకు అల్లెతాడు తగిలించే చివర. అమరకోశంలో ఆయుధాల దగ్గర వెతికితే కోటి ఈ అర్థంలోనే దొరుకుతుంది. ధనుష్కోటి పేరులో ఉన్నదీ అదే, కోటి విల్లులు కాదు, విల్లు కొన. రామేశ్వరం దీవి సన్నబడి సముద్రంలోకి చొచ్చుకుపోయే చోటును చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు. మన గణితంలో లంబకోణ త్రిభుజానికి భుజం, కోటి, కర్ణం అని మూడు పక్కలు. బడిలో కొసైన్ అని చదువుకునే దానికి మన జ్యోతిర్గణితంలో పేరు కోటిజ్య. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి తర్కంలో చతుష్కోటి అంటారు: ఉంది, లేదు, ఉంది లేదు రెండూ, రెండూ కాదు. అక్కడ కోటి అంటే వాదం పోగల ఒక కొస. ఇన్ని చోట్లా మాట ఒకే దిక్కుకు చూపిస్తోంది: ఇక్కడితో చివర, దీని తర్వాత పట్టు లేదు.

ఈ అర్థం దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే తక్కినవన్నీ దీన్నుంచే విడతాయి. కొన అనే మాట లెక్కకు తగిలినప్పుడు అది లెక్క కొన అవుతుంది. సంస్కృత నిఘంటువులు కూడా కోటికి కొన, శిఖరం, శ్రేష్ఠత అని వరుసగా చెప్పుకుంటూ వచ్చి, పాత లెక్కల్లో అన్నిటికన్నా పెద్ద సంఖ్య అన్న అర్థం దగ్గరికి చేరుకుంటాయి. అంటే కోటి అనేది లెక్కలేనితనానికి పేరు కాదు. లెక్క చేరగలిగిన ఆఖరి చోటుకు పేరు. లెక్కలేనన్ని అనడానికి మనకు వేరే మాటలున్నాయి. కోటి అనేవాడు మాత్రం ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు, చివరి మెట్టు మీద నిలబడి.

ఇక జాతి. జీవకోటి, మానవకోటి, ఉత్తమకోటి అంటున్నప్పుడు మనం ఎవరినీ లెక్కపెట్టడం లేదు. ఉత్తమకోటిలో చేరినవాడంటే ఆ తరగతికి చెందినవాడని. ఇది కూడా సిసలైన అర్థమే, తెలుగులో బాగా వాడుకలో ఉన్నదే. ఫోన్లలో చేతులు మారుతూ తిరిగే ఒక వివరణ మాత్రం ఈ అర్థాన్ని పట్టుకునే పుట్టింది. ముప్పై మూడు కోట్ల దేవతలు అంటే ముప్పై మూడు రకాల దేవతలని, కోటిని అంకెగా చదవడం అజ్ఞానమని దాని సారాంశం. వినడానికి తెలివిగా ఉంటుంది, చాలామంది నమ్మారు కూడా. నాకైతే అది నిలవదనిపిస్తుంది.

బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడు యాజ్ఞవల్క్యుణ్ణి దేవతలు ఎందరని అడుగుతాడు. మొదటి జవాబు మూడు వేల మూడు వందల ఆరు. సరే, నిజంగా ఎందరు? ముప్పై మూడు. నిజంగా? ఆరు. మళ్లీ అడిగితే ముగ్గురు, ఇద్దరు, ఒకటిన్నర, చివరికి ఒక్కడు. ఆ ముప్పై మూడు ఎవరో కూడా అక్కడే ఉంది. ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. ముప్పై మూడు అనేది రకాల సంఖ్య కానే కాదు, దేవతల సంఖ్య. రకాలు చూడబోతే వసువులు, రుద్రులు, ఆదిత్యులు అని మూడు గణాలు, బయట ఇద్దరు. ఉపనిషత్తు ముప్పై మూడు అంటున్న చోట కోటి అన్న మాటే లేదు. ఆ ముప్పై మూడుకు కోట్లు తర్వాతి కాలంలో చేరాయి, మహిమను చెప్పడానికి. అలా పెంచి చెప్పడం కూడా కొత్త సంగతి కాదు. మూడు వేల పైచిలుకు దేవతల మాటేమిటని శాకల్యుడు అడిగితే, అవి వీళ్ల మహిమలే, దేవతలు ముప్పై మూడే అని యాజ్ఞవల్క్యుడు తేల్చేస్తాడు. పెద్ద అంకె చిన్న అంకెకు మహిమ అని అంత సూటిగా చెప్పిన చోటు ఇంకోటి నాకు తెలియదు. దాన్ని వదిలేసి వ్యాకరణంతో దేవుళ్లను కాపాడబోవడం అనవసరమైన శ్రమ.

ఎనభై నాలుగు లక్షల జీవరాశుల సంగతీ ఇలాంటిదే. 2011లో శాస్త్రజ్ఞులు భూమి మీద జీవజాతులు సుమారు 87 లక్షలు ఉండవచ్చని, అటూ ఇటూ 13 లక్షల తేడాతో, ఒక అంచనా వేశారు. అందులో బాక్టీరియా లాంటివి కలవలేదు. రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయని సంబరపడేవాళ్లున్నారు. ఎనభై నాలుగు మన సంప్రదాయంలో ఆసనాల దగ్గర, సిద్ధుల దగ్గర కూడా వచ్చే అంకె. నిండుదనానికి గుర్తు. ఆ గౌరవం దానికి చాలు.

కోటి ఇలా శాస్త్రం నుంచి దిగివస్తే, జనం నోట పుట్టిన లెక్కలేనితనం వేరే దారిలో నడిచింది. తెలుగువాడు ఎక్కువ అనడానికి అంకె కన్నా ముందు పాత్రను పట్టుకుంటాడు. గంపెడాశ, బండెడు చాకిరీ, పుట్టెడు దుఃఖం. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం కొలత. కుంచాలు, తూములు కొలిచే కళ్లంలోంచి ఆ దుఃఖం మాటల్లోకి వచ్చింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అనడం పాత అలవాటు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. పుట్టెడు అనేవాడు గింజలు లెక్కపెట్టినవాడు కాదు, రాశి ముందు నిలబడినవాడు. కుప్పలు తెప్పలు, తండోపతండాలు, వేనవేలు, కోటానుకోట్లు అనే జంటమాటలు కూడా చెవికి రాశిని చూపిస్తాయి గాని అంకెను చెప్పవు.

అంకెల్లో ఇలా రాశిగా మారిపోయింది ఒక్క పదివేలు. మీరు వచ్చారు, అదే పదివేలు అంటాం. ఎందుకు పదివేలు, ఎందుకు లక్ష కాదు అని ఎప్పుడైనా ఆలోచించారా? పదివేలు ఒకప్పుడు మామూలు మనిషి ఊహకు అందే పెద్ద అంకె. గ్రీకులకూ అంతే. వాళ్ల భాషలో పదివేలకు మిరియాస్ అని పేరు, అదే లెక్కలేనన్ని అనే అర్థానికీ మాట అయింది. ఇంగ్లీషులో మిరియడ్ దాని నుంచి వచ్చిందే. చైనావాళ్లకు పదివేలే ఒక పెద్ద మెట్టు, అక్కడ కూడా అది సమస్తం అనే అర్థం దాకా సాగింది. ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు చోట్ల ఒకే అంకె ఇలా పొంగిపోవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

గ్రీకుల పదివేలను కొన దాకా సాగదీసినవాడు ఆర్కిమిడీస్. ఇసుక రేణువులకు లెక్క లేదని అందరూ అంటుంటే, లెక్క ఉంది, దానికి పేరు పెట్టలేకపోతున్నాం అంతే అని ఆయన వాదం. గెలోన్ రాజుకు చెప్తున్నట్టుగా ఒక చిన్న గ్రంథం రాశాడు. గసగసాల గింజంత చోటులో పదివేల రేణువులకు మించి పట్టవని మొదలుపెట్టి, పదివేల పదివేలను ఒక కొత్త మెట్టుగా తీసుకుని, విశ్వమంతా ఇసుకతో నింపినా రేణువులు ఒకటి పక్కన అరవై మూడు సున్నాలను మించవని తేల్చాడు. లలితవిస్తరంలో బోధిసత్వుడు చేసిందీ ఈ పనే. భయపెట్టే అంకెకు మెట్లు కట్టారు ఇద్దరూ.

మరి మన కోటికి మెట్లు కట్టి చూద్దాం. డెల్టాలో దానికి కావలసిన సరుకంతా ఉంది.

మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం వడ్లు వెయ్యి గింజలు తూస్తే ఇంచుమించు 20 గ్రాములు. ఆ లెక్కన లక్ష గింజలు 2 కిలోలు. కోటి గింజలు 200 కిలోలు, అంటే మన 75 కిలోల బస్తాలు మూడు కూడా నిండవు. ఎకరానికి 30 బస్తాలు పండించిన రైతు కళ్లంలో పదకొండు కోట్ల గింజలకు పైగా ఉంటాయి. కోటి గింజలు మోటారు సైకిలు మీద వేసుకుపోలేం గాని, ఆటోలో హాయిగా పడతాయి. కోటీశ్వరుడు అనే మాటను గింజల్లో చూసుకుంటే కౌలురైతు కూడా పంట పంటకూ కోటికి పడగలెత్తినవాడే.

అన్నం వైపు నుంచి చూడండి. ఆడించిన సన్నబియ్యం వెయ్యి గింజలు 14 గ్రాముల దాకా ఉంటాయి. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషి పళ్లెంలోకి రోజూ ఇంచుమించు ఇరవై ఎనిమిది వేల మెతుకులు వస్తాయి. ఏడాది తిరిగేసరికి కోటి. డెల్టాలో రెండు పూటలా అన్నం తిని పనికి పోయే మనిషి ఒక సంవత్సరంలో తినేది నిజంగానే కోటి మెతుకులు. కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెత చెప్పినవాడు ఈ లెక్క వేసి ఉండడు. కానీ ఆ సామెతలో కోటి, కూడు పక్కపక్కన కూర్చోవడం ప్రాస కోసమేనని ఇక నేను అనుకోలేను.

కాలంలో కోటి ఎంత? కోటి సెకన్లు 115 రోజుల 17 గంటల పైచిలుకు. కాటన్ దొర సన్నాలు అని మనం పిలుచుకునే రకం విత్తు పడిన రోజు నుంచి కోత దాకా ఉండేది సుమారు 120 రోజులు. రెండో పంట అయిన దాళ్వాలో నారు పోసిన రోజున గడియారం చూసి మొదలుపెడితే, కోటి సెకన్లు అయ్యేసరికి చేను పండి వంగి ఉంటుంది.

చేత్తో చేసే పనిలో కోటి ఇంత తేలిక కాదు. లక్షవత్తుల నోము పట్టినవాళ్లు రోజుకు మూడు వందల వత్తులు చేస్తే పదకొండు నెలల్లో లక్ష పూర్తవుతుంది. అందుకే లక్షకు నోము ఉంది. లక్షవత్తులు, లక్షపత్రి, లక్ష బిల్వార్చన అన్నీ ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక ఏడాదిలో ముట్టుకోగల అంకెకు కట్టిన పూజలు. రామకోటి సంగతి వేరు. రోజుకు వెయ్యి సార్లు శ్రీరామ రాస్తే, నిమిషానికి పది చొప్పున, గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఒక్కరోజు కూడా మానకుండా రాస్తే కోటికి పదివేల రోజులు, ఇరవై ఏడేళ్లు దాటుతుంది. పాతికేళ్ల కోడలిగా మొదలుపెట్టినావిడ యాభై రెండేళ్లకు పూర్తిచేస్తుంది. మధ్యలో పురుళ్లు, పెళ్లిళ్లు, జ్వరాలు, మైలలు. రామకోటిని కుటుంబం అంతా పంచుకోవడం, కొన్ని చోట్ల ఊరంతా కలిసి రాయడం ఈ లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పూర్తికాకుండా పోయిన రామకోటి పుస్తకాలు ప్రతి ఊళ్లోనూ బీరువాల్లో ఉంటాయి. వాటిని చూసి పూర్తికాలేదనడానికి నాకు నోరు రాదు. కోటి అంటే కొన. ఆ పుస్తకాలు రాసినవాళ్లు రోజూ ఆ కొన వైపే నడిచారు.

ఈశాన్య భారతంలో త్రిపురలో ఊనకోటి అనే క్షేత్రం ఉంది. ఊన అంటే తక్కువ. కోటికి ఒకటి తక్కువ శిల్పాలని అక్కడి కథ. తనతో కలిపి కోటి మంది దేవతలుగా కాశీకి పోతూ శివుడు రాత్రి అక్కడ ఆగి, తెల్లవారకముందే లేవమన్నాడట. ఆయన తప్ప ఎవరూ లేవలేదు, అందరూ రాళ్లయిపోయారు. ఒకటి తక్కువైన కోటి కూడా ఒక దేవాలయానికి పేరు కాగలిగింది.

గోదావరి దగ్గర కోటి వేరే రూపం ఎత్తుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే, వరద 10 లక్షల క్యూసెక్కులు దాటిందని, మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షల దగ్గర రెండోది. 17.75 అడుగులు, 17 లక్షల దగ్గర మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు నీరు, ఇంచుమించు 28.3 లీటర్లు. కాబట్టి వరద మూడున్నర లక్షల క్యూసెక్కులు ఉన్నప్పుడే బ్యారేజీ మీదుగా సెకనుకు కోటి లీటర్లు పోతున్నాయి. అప్పటికి టీవీలో ఇంకా ఏ హెచ్చరికా రాదు, నది నడుమ లంకల్లో గడ్డి కోసేవాళ్లు కోస్తూనే ఉంటారు. మొదటి హెచ్చరిక నాటికి సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద సెకనుకు దాదాపు పది కోట్ల లీటర్లు. ఆ వరద చూసినవాళ్లు కోట్ల లీటర్ల గురించి ఎప్పుడూ మాట్లాడరు. నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో, ఏ ఇంటి గోడ మీద గీత ఎక్కడుందో చెప్తారు. లంకవాసికి లక్ష అంటే గట్టు మీద ఒక ఎత్తు. పది లక్షలకు పశువుల్ని కదలించాలి, పదమూడుకు మంచాలు, పదిహేడుకు మనుషులు, అలా అర్థమవుతుంది. అంకె ఇంత కచ్చితంగా శరీరానికి తెలిసిన చోటు ఇంకెక్కడుంది?

రొయ్యల రైతుల దగ్గరా అంకె ఇలాగే తన సొంత అర్థం తెచ్చుకుంది. ఎకరానికి లక్ష పిల్ల వదిలాం అంటారు. పట్టుబడికి వచ్చాక వంద కౌంటు, నలభై కౌంటు అంటారు. కౌంటు అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని, ధర తక్కువని. ఎక్కువ అంకె అంటే ఎక్కువ డబ్బు అనుకునేవాడు ఆ గట్టు మీద బేరం చేయలేడు.

లెక్క ఇంత బాగా తెలిసిన నేల కాబట్టే, లెక్క వేయవలసిన చోట రాశి మాట వాడితే మనసు ఒప్పుకోదు. కోరింగ దగ్గర 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన గురించి ఎక్కడ చదివినా మూడు లక్షల మంది మరణం, ఇరవై వేల పడవలు మునక అనే ఉంటుంది. అదే కోరింగను 1789లో ముంచిన తుఫానుకు కూడా ఇరవై వేలు అనే అంకె ఉంది, అక్కడ అది చనిపోయినవారి సంఖ్య. ఈ తుఫాను వివరాలు పరిశీలించినవారిలో ఒకరైన హెన్రీ పిడింగ్‌టన్ పెట్టిన పేరే సైక్లోన్. ప్రపంచమంతా వాడుతున్న మాటకు మన తీరం కూడా ఒక కారణం. ఆ సున్నాల అంకెల్ని మాత్రం నేను పుట్టెడు దుఃఖంలో పుట్టిగానే చదువుతాను. లెక్కపెట్టేవాళ్లు కూడా మిగలనంత నష్టమని అవి చెప్తున్నాయి. మూడు లక్షల్ని మూడు లక్షలుగా తీసుకుని అప్పటి కోరింగ జనాభా మీద వాదాలు కట్టడం, ఇల్లు కాలినవాడు బూడిదైపోయింది అంటే బూడిద తూకం అడగడం లాంటిది.

1996 నవంబరు 6 రాత్రికి వచ్చేసరికి ఆ మాఫీ లేదు. కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, ఎందరో గల్లంతయ్యారు, వేటకెళ్లిన మత్స్యకారులు తిరిగి రాలేదు. అప్పుడు కొబ్బరి చెట్లు చెట్టు చెట్టుకూ లెక్కలోకి వచ్చాయి, పరిహారం చెట్టును బట్టి కాబట్టి. మనిషి దొరక్కపోతే మాత్రం ఆ ఇల్లు ఏ లెక్కలోనూ చేరకుండా కాలం గడపాలి. ఆ ఇంటివాళ్లకు లెక్కలేనంత నష్టం అన్న వార్త ఎందుకూ పనికిరాదు. వాళ్లకు కావలసింది ఒకటి అన్న అంకె, ఒక పేరుతో.

పుష్కరాలప్పుడు కోటి మళ్లీ వస్తుంది. ఇన్ని కోట్ల మంది స్నానాలు చేశారని రోజూ ప్రకటనలు వెలువడతాయి. స్నానాల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. పొద్దున కోటిలింగాల రేవులో మునిగి, మధ్యాహ్నం ధవళేశ్వరంలో, మర్నాడు కోటిపల్లిలో మునిగిన ఒక్క మనిషి మూడు చోట్ల మూడుగా పడతాడు. భక్తికి అందులో తప్పేం లేదు, మూడు మునకలకు మూడు ఫలాలు. ఏర్పాట్లకు మాత్రం ఆ అంకె ఉపయోగపడదు. ఇసుక వేస్తే రాలని జనం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటను ఒకసారి అక్షరాలా వినండి. ఇసుక రాలనంత దగ్గరగా నిలబడితే మనిషికి ఊపిరి అందదు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి ఉదయం, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఉదయం కావలసిన లెక్క కోట్లలో లేదు. ఒక గేటు గుండా నిమిషానికి ఎందరు పోగలరు, మెట్ల మీద ఒకేసారి ఎందరు నిలబడగలరు, మునిగినవాళ్లు బయటపడే దారి లోపలికి వచ్చే దారితో కలుస్తుందా లేదా అన్నవే కావాలి. ఇవన్నీ నూర్లలో వేలల్లో తేలే అంకెలు.

మళ్లీ గోదావరి పుష్కరాలు 2027లో. ఈసారి రేవు రేవుకూ ఆ నూర్ల లెక్క ముందే వేసి, గేటు దగ్గర అందరికీ కనబడేలా రాసిపెట్టమని అడగవలసింది మనమే.